పళ్ళ తాత కట్టిన స్టీరింగు

తాత నోట్లో ఉన్న పళ్ళన్నీ సొంతవే. ఊళ్ళో సగంమంది నోళ్ళలో ఉన్నవి మాత్రం తాత కట్టినవి. పళ్ళ డాక్టరు ముందు గదిలో పళ్ళు పీకేవాడు. మైనంతో నోటి అచ్చు తీసి, సెట్టు కట్టి, మెరుగుపెట్టి, మళ్ళీ ఆ నోట్లో కుదిర్చే పనంతా వెనక గదిలో తాతది. అలా జీవితమంతా నోళ్ళలోకి తొంగిచూసి చూసి, మనుషుల్ని మొహాలతో కాక దవడలతో గుర్తుపెట్టుకోవడం అలవాటైపోయింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా పలకరిస్తే ముందు తెల్లమొహం వేసేవాడు. వాళ్ళు నవ్వగానే, "ఆఁ, కింద ఎడం పక్క రెండు పళ్ళు కదూ, బాగున్నారా?" అనేవాడు. పక్కనున్న నానమ్మ మోచేత్తో ఒక్కటి పొడిచేది. ఆ పెళ్ళి భోజనాల్లో ఇంకెవరూ తాత ఎదురుగా కూర్చుని నవ్వేవాళ్ళు కాదు.

నానమ్మ పని వేరు. ఆవిడది లారీ. పాతకాలపు ముక్కు లారీ, ఇంజను ముందుకు పొడుచుకొచ్చి, రెండు పక్కలా రెండు గుండ్రటి దీపాలతో ఎప్పుడూ ఎవరి మీదో అలిగినట్టు చూస్తుండేది. వాళ్ళ నాన్న నడిపిన బండి. ఆయన పోయాక నానమ్మ నడుపుతోంది. నర్సరీల్లో మొక్కలూ కుండీలూ ఎక్కించి ఊరంతా దింపి వస్తుంది. తాత దాన్ని లారీ అనడు, మామగారు అంటాడు. పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని, "మామగారు లేచారా?" అని అడుగుతాడు. అది స్టార్టవకుండా దగ్గితే, "మామగారికి ఒంట్లో నలతగా ఉంది, వేడి నీళ్ళు పొయ్యి" అంటాడు. అసలు మామగారు బతికున్నంతకాలం ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చోడానికి కూడా వణికిన మనిషికి, ఆయన పోయాక ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

ఇంత చనువున్నా తాత ఆ లారీ ఒక్కసారి కూడా ఎక్కలేదు. "మామగారి నెత్తినెక్కి కూర్చోవడం మర్యాద కాదు" అనేవాడు. అది బయటికి చెప్పే మాట. అసలు సంగతేమిటంటే బండి కదిలిందంటే తాతకి కడుపులో తిప్పుతుంది. బస్సెక్కితే మధ్యలో దిగిపోయి మిగిలిన దారి నడిచి వచ్చే రకం.

అలాంటి మామగారి స్టీరింగు ఒకనాడు ఊడి వచ్చి భోజనాల బల్ల మీద, తాత కంచం పక్కన పడుకుంది.

జరిగింది చిన్న ప్రమాదమే. గోడౌన్ల దగ్గర పెద్ద మలుపులో నిండు లోడుతో తిప్పుతుంటే స్టీరింగు చక్రం నానమ్మ చేతిలోంచి జారింది. లారీ ఫుట్‌పాత్ ఎక్కి ఆగింది. కుండీలు పగిలాయి తప్ప ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ నానమ్మ ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, కుర్చీలో కూర్చుని, తన వేళ్ళవంకే చూసుకుంటూ ఉండిపోయింది. కణుపులు వాచి, వేళ్ళు అల్లం కొమ్ముల్లా తయారై చాలాకాలమైంది. పిడికిలి పూర్తిగా మూసుకోదు. ఇటు చూస్తే కొడుకు ఊడదీసి తెచ్చిన స్టీరింగు అరిగి అరిగి సన్నబడింది. దాని నల్ల తొడుగు నిండా పగుళ్ళు, అంచులు చేతికి గీసుకుంటాయి. లావు చక్రమైతే మూసుకోని చేతికీ ఆనుతుంది. సన్నటిదైతే జారుతుంది.

కొడుకు కార్ల షోరూంలో పనిచేస్తాడు కాబట్టి బళ్ళ సంగతి ఏదొచ్చినా ముందు అతనే మాట్లాడాలి.

"అమ్మా, బజార్లో కొత్త స్టీరింగులు బోలెడు. దళసరిగా, మెత్తగా ఉంటాయి. సాయంత్రానికల్లా బిగించేస్తారు."

నానమ్మ రెండు చేతులూ బారచాపి చూపించింది. "ఇంతుంటుందా?"

"ఇంత ఉండదులే. కొంచెం చిన్నది."

"చిన్నది నీ కార్లకి. వేలు పెడితే తిరుగుతాయి అవి. దీన్ని తిప్పాలంటే చక్రం పెద్దదై ఉండాలి, నా ఒళ్ళంతా దానిమీద వెయ్యాలి. చిన్నది పెడితే పక్కన ఇంకో మనిషి కూర్చుని నాతోపాటు తిప్పాలి. మీ నాన్న వస్తారేమో అడుగు."

తాత పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పోనీ ఆ హోటలాయన అడుగుతున్నాడుగా," అన్నాడు కొడుకు, గొంతు తగ్గించి. ఆ హోటలాయనకి పాత బళ్ళంటే సరదా. లారీని కడిగించి, రంగు వేయించి, హోటలు గుమ్మం ముందు నిలబెట్టి, ముక్కు మీద పూలకుండీలు పెట్టాలని ఆయన కోరిక. ఆదివారం వస్తాను, ఏ సంగతో చెప్పండి అని కబురు పంపాడు.

నానమ్మ స్టీరింగుని వేలితో తాకి చూసింది. తర్వాత, "ఈ చక్రం నా చేతికి కుదిరిందా, సరే. కుదరలేదా, ఆదివారం ఆయన్నే తీసుకుపొమ్మను," అంది. "చేతిలో నిలవని బండిని నేను రోడ్డెక్కించను. ఈసారి కుండీల మీద పోయింది. ఇంకోసారి ఎవరి పిల్లాడి మీదికో పోతే?"

అలా అని లేచి వెళ్ళిపోయింది. పంతానికి అన్న మాటైతే బతిమాలొచ్చు. ఇది అలాంటిది కాదని అందరికీ తెలిసింది. లారీ లేకపోతే నానమ్మ పొద్దున్నే లేచి ఏం చేస్తుందో ఇంట్లో ఎవరికీ ఊహకి అందలేదు. వంటింట్లోకి వస్తుందేమోనని కోడలికి మాత్రం కొంచెం గుబులు పుట్టింది.

తాత పేపరు మడిచి, స్టీరింగుని దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, పగుళ్ళలోకి తొంగిచూశాడు. గోరుతో గీకాడు. వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎముక గట్టిగానే ఉంది," అన్నాడు. "పోయినవి చిగుళ్ళే."

లోపలి ఇనప కమ్మీ బాగానే ఉంది, పైన పోసిన తొడుగే పాడైంది అని దానర్థం. ఆ రాత్రికి అన్నం తినేలోపే వరండాలో పాత రంపాలూ ఆకురాళ్ళూ మైనం రేకులూ పొడి డబ్బాలూ అన్నీ బయటికొచ్చాయి. రిటైరయ్యాక వాటిని పారేయమని నానమ్మ ఎన్నిసార్లు పోరినా, "ఎప్పుడో పనికొస్తాయి" అని మంచం కింద దాచినవే.

మర్నాడు తాత చేసిన మొదటి పని, ఉన్న పగుళ్ళని ఇంకా పెద్దవి చెయ్యడం. సన్నటి ఆకురాయితో ఒక్కో పగులునీ వెడల్పుగా కోసుకుంటూ ఇనుము కనపడేదాకా వెళ్ళాడు. కాఫీ తెచ్చిన కోడలు నిలబడిపోయింది.

"మామయ్యా, బాగుచేస్తారనుకుంటే ఉన్నదాన్ని కూడా పగలగొడుతున్నారేంటి?"

"పుచ్చు మీద పూత పూస్తే లోపల పుచ్చుతూనే ఉంటుందమ్మా. ముందు పూర్తిగా తెరవాలి."

తుప్పంతా గీకి, స్పిరిటుతో తుడిచి, పళ్ళ సెట్లకి వాడే పొడీ నీళ్ళమందూ కలిపి పగుళ్ళలో నింపాడు. ఇల్లంతా డాక్టరు గది వాసన. పాలు కాచినా అదే వాసన, బట్టలారేసినా అదే వాసన. పైగా తాత దగ్గర మిగిలిన పొడి చిగుళ్ళ రంగుది. నల్లటి చక్రం నిండా గులాబీరంగు గీతలు తేలాయి. నానమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏమండీ, మా నాన్నకి ఈ వయసులో చిగుళ్ళు మొలిపించారే," అంది. ప్రమాదం జరిగాక ఆవిడ నవ్వడం అదే మొదలు. తాత దానికి పొంగిపోయి ఆ పూట భోజనానికి కూడా లేవలేదు.

పగుళ్ళు నిండాయి. ఇక చక్రాన్ని లావు చెయ్యాలి. ఎంత లావు, ఎక్కడ లావు? తాతకి తెలిసిన దారి ఒకటే. అచ్చు తియ్యడం. మైనం రేకుల్ని వేడినీళ్ళలో మెత్తబరిచి చక్రానికి రెండు పక్కలా చుట్టి, నానమ్మని బల్ల ముందు కూర్చోబెట్టాడు.

"పట్టుకో. గట్టిగా కాదు, ఊరికే. రోజూ ఎలా పట్టుకుంటావో అలా."

"రోజూ నేను భోజనాల బల్లని నడుపుతానా?"

"మాట్లాడకు, అచ్చు కదిలిపోతుంది."

ఆ మాట తాత ఊళ్ళో సగంమందితో అన్నాడు. ఇంట్లో అనడానికి మాత్రం అదే మొదటి అవకాశం. నానమ్మ నిజంగానే మాట్లాడకుండా కూర్చుంది. తాత ఆవిడ వేళ్ళని ఒక్కొక్కటే మైనంలోకి మెల్లగా నొక్కాడు, నొప్పి పుట్టకుండా, కణుపు దగ్గర ఇంకా మెల్లగా. పెళ్ళైన కొత్తలో కూడా అంతసేపు చెయ్యి పట్టుకుని ఉండడని కొడుకూ కోడలూ గది బయట గుసగుసలాడుకున్నారు.

ఆ అచ్చు ప్రకారం చక్రాన్ని లావు చేశాడు. ప్రతి వేలికీ ఒక గుంట చెక్కాడు. గరుకు కాగితంతో రుద్ది, నల్ల రంగు వేసి, ఆరాక పళ్ళకి పెట్టే మెరుగంతా దానికి పెట్టాడు. మొహం చూసుకోవచ్చు. వచ్చినవాళ్ళకల్లా చూపించాడు. గ్యాసు బండ మోసుకొచ్చినవాడు దాన్ని దింపకముందే స్టీరింగు చూసి మెచ్చుకోవాల్సొచ్చింది.

శుక్రవారం సాయంత్రం కొడుకు దాన్ని బిగించాడు. నానమ్మ ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళి, తిప్పుకుని వచ్చి, దిగింది.

"బాగుంది," అని లోపలికి వెళ్ళింది.

కొడుకు చేతులు దులుపుకున్నాడు. కోడలు హమ్మయ్య అనుకుంది. తాత మొహం మాత్రం దీపం ఆర్పినట్టైంది. పళ్ళ సెట్టు పెట్టుకుని అద్దంలో చూసుకుని "బాగుంది" అని మర్యాదగా వెళ్ళిపోయిన మనుషులు తాతకి బాగా తెలుసు. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే సెట్టు తీసి జేబులో వేసుకుంటారు. మళ్ళీ రారు. కుదిరినవాళ్ళైతే మర్నాడే వచ్చి ఇక్కడ నొక్కుతోంది, అక్కడ గీసుకుంటోంది అని పోట్లాడతారు.

వెనకాలే వంటింట్లోకి వెళ్ళాడు. నానమ్మ కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది.

"ఏమే, నిజం చెప్పు."

"బాగుందన్నాగా."

"బాగుందన్నవాళ్ళ సంగతి నాకు చెప్పకు. ఎక్కడ కుదరలేదు?"

నానమ్మ గ్లాసు బోర్లించింది. "నడుం పడిపోయేలా కూర్చుని చేశారు. ఏం చెప్పమంటారు? నా వేళ్ళు ఒక చోటికి వెళ్తాయి, మీ గుంటలు ఇంకో చోటికి రమ్మంటాయి. చుట్టపుచూపుగా వెళ్ళి వాళ్ళింట్లో వాళ్ళ చెప్పులు వేసుకున్నట్టుంది. తప్పు మీది కాదు, నా చేతులది. వదిలెయ్యండి. ఆదివారం ఆయన వస్తాడు. మా నాన్న హోటలు ముందు పూలు పెట్టుకుని దర్జాగా కూర్చుంటాడు."

తాత బయటికెళ్ళి, కాసేపు లారీ చుట్టూ తిరిగి, ఆగి ఉన్న బండే కదా అనుకుని, తలుపు తీసి డ్రైవరు సీటెక్కాడు. చక్రం మీద చేతులు పెట్టాడు. పెట్టగానే తెలిసింది. బల్ల మీద పళ్ళెంలా పడుకున్న చక్రం ఇక్కడ వాలుగా, ఛాతీకి ఎదురుగా లేచి ఉంది. మణికట్టు ఇంకోలా వంగుతోంది. వేళ్ళు గుంటల్లో కాక గుంటల మధ్య గట్లమీద పడుతున్నాయి. అదొక్కటే కాదు. బల్ల ముందు ఆవిడ ఊరికే పట్టుకుని కూర్చుంది. లారీలో ఊరికే పట్టుకుని కూర్చునేది ఎప్పుడు?

"మూసుకున్న నోటికి అచ్చు తీసి నమలమన్నాను," అని పైకే అన్నాడు. వినడానికి మామగారు తప్ప ఎవరూ లేరు. ఆయన బతికుంటే ఏమనేవాడో తాత ఊహించుకోదలచుకోలేదు.

శనివారం పొద్దున ఫ్లాస్కులో వేడినీళ్ళు, సంచిలో మైనం రేకులు, చేతిలో మూతున్న రేకు డబ్బాతో తాత లారీ పక్కన నిలబడ్డాడు.

"నేనూ వస్తున్నా."

"ఎక్కడికి?" అంది నానమ్మ.

"నీతో. తిప్పుతున్న చేతికి అచ్చు తియ్యాలి."

నానమ్మ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. "ఆ డబ్బా దేనికి?"

"అది నాకు."

గోడౌన్ల వెనక ఎవరూ తిరగని ఖాళీ రోడ్డుంది. అక్కడికెళ్ళాక తాత తను మెరుగుపెట్టిన చక్రం మీదే వేడి మైనం చుట్టి, "ఇక తిప్పు, పెద్ద మలుపులో తిప్పినట్టు," అన్నాడు. నానమ్మ తిప్పింది. తాత రోడ్డువైపు చూడలేదు, ఆవిడ చేతులవంకే చూశాడు. ఎడం చెయ్యి చక్రం కిందినుంచి పట్టి లాగుతోంది. కుడి చెయ్యి వేళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అరచేతి మొదలుతో చక్రాన్ని పైకి తోస్తోంది. భుజం వెళ్తోంది, నడుం వెళ్తోంది, పాదం దాకా ఒళ్ళంతా వెళ్తోంది. వేళ్ళు మాత్రం అసలు పట్టుకోవడమే లేదు.

"నువ్వు పట్టుకోవా?"

"పట్టుకుంటే నొప్పి. తోస్తాను."

"ఎప్పట్నుంచి?"

"వేళ్ళు వాచినప్పట్నుంచి."

"మరి బల్ల దగ్గర చెప్పలేదే?"

"మాట్లాడకు, అచ్చు కదిలిపోతుందన్నారుగా. అయినా నేను తోస్తున్నానని నాకు మాత్రం ఏం తెలుసు? మీరు చెప్తుంటే చూసుకుంటున్నా."

మైనం చల్లారితే మళ్ళీ వేడినీటి గుడ్డ చుట్టి, మళ్ళీ తిప్పించి, అలా ఎడమకీ కుడికీ తిరుగుతుంటే తాత మొహం మెల్లగా పాలిపోయింది. చెయ్యెత్తాడు. నానమ్మ బండి ఆపింది. తాత దిగకముందే డబ్బా మూత తియ్యాల్సొచ్చింది. నానమ్మ వీపు రాస్తూ, "మా నాన్న బండిలో ఇంతవరకూ ఎవరూ కక్కలేదు. ఆ గౌరవం అల్లుడికే దక్కింది," అంది. తాత నోరు తుడుచుకుని, "ఇంకో రెండు సార్లు తిప్పు. కుడి పక్క సరిగ్గా పడలేదు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం తాత చక్రాన్ని మళ్ళీ ఊడదీయించి, తను చెక్కిన గుంటలన్నిటినీ తనే ఆకురాయితో గీకేశాడు. కొత్త రంగూ మెరుగూ పొట్టు పొట్టుగా వరండా అంతా రాలాయి. కింద ఎడం పక్క, లాగే చోట, చక్రాన్ని పిక్కలా లావుగా కట్టాడు. కుడి పక్క, అరచేతి మొదలు ఆనే చోట, వెడల్పుగా, చదునుగా కట్టాడు. మిగిలినచోట మామూలుగా వదిలేశాడు. పిల్లలు కొరికిన పెన్సిలులాగా ఎక్కడికక్కడ ఉబ్బుతూ తగ్గుతూ, సగం నలుపు, సగం చిగుళ్ళ రంగుతో తయారైంది.

"మామయ్యా, రంగు వెయ్యరా?" అంది కోడలు.

"ఆరడానికి టైం లేదమ్మా."

"పోనీ కొంచెం మెరుగైనా పెట్టండి."

"మెరుగు పెడితే జారుతుంది," అన్నాడు తాత. అలా అనడానికి ఆయనకెంత కష్టమైందో మొహంలో కనిపించింది. మెరుగు పెట్టని పని ఆయన చేతిలోంచి బయటికి వెళ్ళడం అదే మొదటిసారి. చొక్కా లేకుండా వీధిలోకి వెళ్ళమన్నా అంత బాధపడేవాడు కాదేమో.

ఆదివారం తెల్లవారగానే కొడుకు దాన్ని బిగించాడు. నానమ్మ ఎక్కి కూర్చుని, చక్రం మీద చేతులు పెట్టి, ఎడం చేత్తో కిందికి తడుముకుంది. ఇంజను స్టార్ట్ చేసి, కిటికీలోంచి తాతవంక చూసింది. తాత డబ్బా పట్టుకుని అవతలి తలుపు వైపు నడిచాడు.

నర్సరీలో కుండీలు ఎక్కించారు. ఖాళీ బండి తిరిగితే ఏం లాభం, నిండు బండి తిరగాలి. ఆదివారం కాబట్టి గోడౌన్లన్నీ మూసున్నాయి, రోడ్డు మీద నరపురుగు లేదు. పెద్ద మలుపు దూరం నుంచే కనిపించింది. ఫుట్‌పాత్ అంచున పగిలిన కుండీల ఎర్రటి పెంకులు ఇంకా అక్కడే ఉన్నాయి. నానమ్మ బండి నెమ్మది చేసి, గేరు తగ్గించింది.

సరిగ్గా అప్పుడే తాత జేబులో ఫోను మోగింది.

"నాన్నా, హోటలాయన వచ్చి కూర్చున్నాడు," అన్నాడు కొడుకు. "బండి తోలుకుపోడానికి మనిషిని కూడా తెచ్చుకున్నాడు. ఏం చెప్పను? అమ్మనడుగు."

తాత అడగలేదు. నానమ్మ ఎడం చెయ్యి కిందికి వెళ్ళి ఆ లావుపాటి చోట కూర్చుంది. కుడి అరచెయ్యి చదును మీద ఆనింది. వేళ్ళు తెరుచుకునే ఉన్నాయి. భుజం కదిలింది, నడుం కదిలింది, చక్రం తిరగడం మొదలైంది. వెనక కుండీలన్నీ ఒకేసారి ఒక పక్కకి ఒరిగి గలగలమన్నాయి. తాత గొంతు దాకా వచ్చినదాన్ని మింగి, ఆవిడ చేతులవంకే చూస్తూ కూర్చున్నాడు. చక్రం జారలేదు. పెంకులు కిటికీ పక్కనుంచి మెల్లగా వెనక్కి వెళ్ళిపోయాయి.

"నాన్నా? వింటున్నావా?"

"మీ అమ్మ పనిలో ఉందిరా," అన్నాడు తాత. "ఆయనకి కాఫీ ఇచ్చి పంపించు. హోటలు ముందు పెట్టుకోడానికి ఇంకేదైనా చూసుకోమను."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. నానమ్మ చక్రాన్ని మెల్లగా వెనక్కి రానిచ్చి, రోడ్డు తిన్నగా అయ్యాక అడిగింది.

"ఎవరండీ?"

"పూలకుండీలాయన."

"ఏమంటాడు?"

"ఏమీ అనడు. వెళ్ళిపోతున్నాడు."

నానమ్మ తల ఊపి గేరు మార్చింది. "గట్టిగా పట్టుకోండి," అంది. "ముందు ఇంకో మలుపుంది."